కార్పాతియన్ గంటపువ్వు: గింజ నుంచి పూత దాకా ఎలా పెంచాలి

ఈ మొక్క గురించి ఏటా రెండే ఫిర్యాదులు వినిపిస్తాయి. మొదటిది: "కాంపనులా నారు పోశాను, ఆకు గుబురుగా ఉంది, పువ్వు జాడ లేదు." రెండోది: "పోయినేడు విరగబూసింది, మంచు కరిగాక చూస్తే కుదురే లేదు." మొదటిదానికి కారణం పగటి పొడుగు. రెండోదానికి కారణం మొదలు దగ్గర నిలిచే తడి. ఈ రెండూ పట్టుబడితే మిగతాదంతా మామూలు తోటపనే.

మనం మాట్లాడుకునేది కాంపనులా కార్పాటికా గురించి. దీని పుట్టిల్లు రొమేనియా, ఉక్రెయిన్, స్లొవాకియా, పోలండ్, హంగరీల మీదుగా సాగే కార్పాతియన్ పర్వతాలు. అక్కడ రాళ్ల సందుల్లో, నీరు క్షణం నిలవని చోట పెరుగుతుంది. 1770లో వియన్నాలో యాకిన్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన వీధుల్లో పసుపు రంగు గంటల్లా పూసే టెకోమాకీ దీనికీ చుట్టరికం లేదు. ఇది జానెడు ఎత్తు గుబురు మొక్క. పువ్వు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుతో, తలదించుకోకుండా ఆకాశం వైపు నోరు తెరిచిన గిన్నెలా ఉంటుంది.

అమెరికా, కెనడా, బ్రిటన్, యూరప్‌లో ఉంటూ పెరట్లోనో బాల్కనీలోనో పెంచాలనుకునే వాళ్ల కోసం రాసింది ఇది. చలికాలపు అతి తక్కువ ఉష్ణోగ్రతను బట్టి వేసిన అమెరికా జోన్ల లెక్కలో 3 నుంచి 8 దాకా బతుకుతుంది. హైదరాబాద్, విజయవాడ వాళ్ల సంగతి చివర్లో విడిగా ఉంది. ముందే ఆశపడి గింజలు తెప్పించుకోకండి.

ఏ రకం కొనాలి?

మొదటిసారి పెంచేవాళ్లు బ్లూ క్లిప్స్ గానీ వైట్ క్లిప్స్ గానీ తీసుకోండి. జర్మన్ పేరుతో బ్లావే క్లిప్స్, వైసె క్లిప్స్ అని అమ్మేవి కూడా ఇవే. 15 నుంచి 20 సెం.మీ. ఎత్తు, గుండ్రటి గుబురు. గింజ నుంచి దాదాపు ఒకేలా వస్తాయి. పెర్ల్ రకాలు (ముదురు నీలం, తెలుపు) కూడా గింజ నుంచి బాగానే వస్తాయి. రాపిడో అనేది పేరుకు తగ్గట్టే క్లిప్స్ కంటే తొందరగా పూస్తుంది. కుండీలకు బాగుంటుంది.

టర్బినాటా అని రాసి ఉంటే ఇంకా పొట్టిది, ఆకు మీద నూగు ఎక్కువ. రాళ్ల తోటకు అదే అందం. చ్యూటన్ జాయ్ లాంటి పాత పేరున్న రకాలను మాత్రం మొక్కగానే కొనాలి. వాటి గింజ వేస్తే తల్లి పోలిక రాదు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. 'కాంపనులా' అని మాత్రమే చీటీ ఉన్న కుండీ కొనకండి. పోషార్‌స్కియానా అనే దాని అక్కచెల్లెలు ఒకటుంది. నక్షత్రంలా విడిపోయిన పూలు, నేల మీద పాకే తీగలు. మూడేళ్లలో గోడంతా ఆక్రమిస్తుంది, పీకినా పోదు. చిటికెన వేలి గోరంత గంటలు కిందికి వేలాడుతుంటే అది ఆల్ప్స్ కొండల కాక్లియారిఫోలియా. మంచి మొక్కే గానీ పెంచే తీరు వేరు.

ఏం కావాలి

- గింజలు ఒక పాకెట్. గ్రాముకు సుమారు పది వేలు తూగే సన్న గింజ, పాకెట్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తే కంగారు పడకండి.
- గింజలు మొలిపించే సన్నటి మట్టిమిశ్రమం 3 పాళ్లు, పెర్లైట్ గానీ సన్న వర్మిక్యులైట్ గానీ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి ఖనిజ గుళికలు) 1 పాలు
- గుంటల ట్రే (గుంట 3 నుంచి 4 సెం.మీ.), దాని మీదికి పారదర్శకమైన మూత
- ఒక చెంచా పొడి సన్న ఇసుక
- మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబు, టైమర్
- 9 సెం.మీ. కుండీలు
- నాటే చోటికి ముతక ఇసుక లేదా 3 నుంచి 6 మి.మీ. సన్న కంకర, మొక్కకు రెండు గుప్పిళ్ల లెక్కన

ఎరువు గురించి అడుగుతారు. ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు.

చేసే విధానం

1. తేదీ చూసుకోండి. మీ ఊళ్లో ఆఖరి మంచు (లాస్ట్ ఫ్రాస్ట్) పడే తేదీకి 10 నుంచి 12 వారాల ముందు ఇంట్లో నారు పోయాలి. న్యూజెర్సీ, షికాగో వాళ్లకు జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, లండన్ వాళ్లకు ఫిబ్రవరిలో. మొదట్లో ఈ మొక్క నత్తనడక నడుస్తుంది. ఏప్రిల్‌లో పోస్తే మొక్క వస్తుంది గానీ ఆ ఏడు పువ్వు చూడటం అనుమానమే.

2. మట్టి ముందే తడపండి. గింజ వేశాక తడిపితే అది కొట్టుకుపోయి ఒక మూలకు చేరుతుంది. మిశ్రమాన్ని నీళ్లతో కలిపి గుప్పిట్లో గట్టిగా పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, చెయ్యి విప్పితే ముద్ద నిలవాలి. ధారగా కారితే తడి ఎక్కువ, ముద్ద విడిపోతే తక్కువ.

3. గింజ వేయండి, కప్పకండి. గింజలను చెంచా ఇసుకలో కలిపి, ముగ్గు వేసినట్టు వేళ్ల మధ్య నుంచి రాల్చండి. గుంటకు 5 నుంచి 8 గింజలు పడాలి. పైన చెంచా వెనక భాగంతో మెల్లగా అదిమితే చాలు. దీనికి మొలకెత్తడానికి వెలుతురు కావాలి. "మొలవలేదు" అనే వాళ్లలో ఎక్కువమంది అలవాటు కొద్దీ మట్టి కప్పినవాళ్లే. మట్టిపూత పూసిన గుళికల గింజ కొంటే ఒక గుంటకు ఒకటి చాలు. అయితే పూత పూర్తిగా కరిగేదాకా పైపొర ఎండకూడదు.

4. నీళ్లు కింది నుంచి ఇవ్వండి. ట్రేను రెండు సెంటీమీటర్ల నీళ్లలో పెట్టి, పైమట్టి రంగు ముదరగానే తీసేయండి. మూత పెట్టి 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ చోట, ట్యూబు కింద ఉంచండి. మిరప నారు కోసం వాడే వేడి చాప మీద పెట్టకండి. మిరపకు నచ్చిన వేడి దీనికి ఎక్కువ.

5. 10 నుంచి 20 రోజులు ఆగండి. మొలక ఆవగింజలో సగం ఉంటుంది, పచ్చటి చుక్కలా కనబడుతుంది. సగం గుంటల్లో చుక్కలు కనబడగానే మూత తీసేయాలి. ఇక్కడ రెండు రోజులు ఆలస్యం చేస్తే నారుకుళ్లు పట్టి మొలకలు మొదలు దగ్గర నల్లగా సన్నబడి పడిపోతాయి. పడిపోయిన గుంటను మట్టితో సహా తీసి పారేయండి, మందు కొట్టి బతికించే ప్రయత్నం దండగ.

6. ఇక చల్లగా ఉంచండి. 14 నుంచి 17 డిగ్రీలు బాగుంటుంది. ట్యూబు మొలకలకు 15 సెం.మీ. ఎత్తులో ఉండాలి. టైమర్‌ను రోజుకు 12 గంటలకే పెట్టండి. 16 గంటలు వెలిగిస్తే మొక్క నాలుగాకుల వయసులోనే మొగ్గ తొడిగి మూడు పూలతో సరిపెట్టుకుంటుంది. ముందు ఒళ్లు చేయాలి, తర్వాతే పూత.

7. గుబురుగానే మార్చండి. ఐదారు వారాలకు గుంటలోంచి వేరు కనబడుతుంది. అప్పుడు ఆ ఐదారు మొలకల ముద్దను చీల్చకుండా 9 సెం.మీ. కుండీలోకి దింపండి. టమాటా నారులా ఒక్కోటి విడదీస్తే వెంట్రుక లాంటి వేళ్లు తెగిపోతాయి. మొదలు మట్టి మట్టానికే ఉండాలి, లోతుగా పాతకూడదు.

8. బయటికి అలవాటు చేయండి. ఆఖరి మంచు దాటాక 7 నుంచి 10 రోజులు. మొదటి రోజు నీడలో రెండు గంటలు, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ.

9. నాటండి. దీనికి విడిగా చెప్పుకోవాల్సిన సంగతులున్నాయి, కింద చూడండి.

నారు వద్దనుకునేవాళ్లు మే నెలలో నర్సరీ మొక్క కొని నేరుగా తొమ్మిదో మెట్టుకు రావచ్చు. అప్పటికే పూలు విచ్చుకున్న కుండీ కంటే మొగ్గ మీద ఉన్నది, మొదలు దగ్గర కొత్త చిగుళ్లు కనబడుతున్నది ఎంచుకోండి.

నాటే చోటు: ఇక్కడే గెలుపోటములు

చలి ఈ మొక్కను చంపదు. మైనస్ 30 డిగ్రీలు కూడా తట్టుకుంటుంది. చంపేది నవంబరు నుంచి మార్చి దాకా మొదలు దగ్గర నిలిచే నీరు. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగే తడి కాండం మొదలును నానబెట్టి కుళ్లబెడుతుంది. దాని పుట్టింట్లో రాళ్ల వాలు మీద ఈ బాధే లేదు. మీ పెరట్లో బంకమట్టి ఉంటే ఉంటుంది.

కాబట్టి నాటే ముందు నీటి పరీక్ష చేయండి. అడుగు లోతు గొయ్యి తవ్వి నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి ఒక పుల్లతో మట్టం గుర్తు పెట్టండి. గంటకు 5 సెం.మీ. పైగా దిగితే సరే. రెండు సెంటీమీటర్లు కూడా దిగకపోతే ఆ చోట నాటకండి. గొయ్యిలో ఒక్కచోట ఇసుక కలిపి నాటుదామనుకుంటారు చాలామంది. బంకమట్టి మధ్యలో ఇసుక గొయ్యి అంటే చుట్టుపక్కల నీళ్లన్నీ వచ్చి చేరే బావి. దానికి బదులు నేల మీదే 20 సెం.మీ. ఎత్తు మట్టి దిబ్బ కట్టి దాని మీద నాటండి. రాళ్ల అంచున్న మడి ఉంటే అంచు పక్కన, వాలు వైపు.

దిబ్బకు మట్టి: తోటమట్టి 2 పాళ్లు, మాగిన కంపోస్టు 1 పాలు, ముతక ఇసుక లేదా సన్న కంకర 1 పాలు. పీహెచ్ (నేల పులుపును చెప్పే కొలత) 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. సున్నం ఉన్న నేలంటే దీనికి ఇష్టమే, కుళాయి నీళ్లు కాస్త కఠినంగా ఉన్నా దిగులు లేదు. పైన్ చెట్ల కింద పుల్లటి నేల ఉన్నవాళ్లు మొక్కకు ఒక చెంచా తోటసున్నం కలపండి.

మొక్కకు మొక్కకు 25 నుంచి 30 సెం.మీ. ఎడం. కుండీ మట్టి మట్టం నేల మట్టం కంటే ఒక వేలి మందం పైకి ఉండేలా పెట్టండి. చుట్టూ మట్టి అదిమి, నీళ్లు పోసి, మొదలు చుట్టూ, ఆకుల కింద దాకా, రెండు సెంటీమీటర్ల మందాన సన్న కంకర పరవండి. అందం కోసం కాదు ఇది. ఆకులు తడిమట్టికి ఆనకుండా, మొదలు త్వరగా ఆరేలా చేసేది ఈ కంకరే. చెక్కముక్కల మల్చ్ (నేల మీద కప్పే పొర) మాత్రం వద్దు. అది తడిని పట్టి ఉంచుతుంది, ఇక్కడ మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఎండ: ఉత్తరాది ఊళ్లలో రోజంతా ఎండ తగిలినా సంతోషమే. డల్లాస్, అట్లాంటా వైపు ఉన్నవాళ్లు ఇంటికి తూర్పు వైపు, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం రెండింటికల్లా నీడ వచ్చే చోట పెట్టండి. రాత్రులు వెచ్చగా ఉండే ఊళ్లలో పూలు చిన్నవవుతాయి, మొక్క రెండు మూడేళ్లకు మించి నిలవకపోవచ్చు. అలాంటి చోట మట్టికుండీ మేలు, ఎండ ముదిరితే జరుపుకోవచ్చు.

నీళ్లు, ఎరువు, కత్తిరింపు

మొదటి వేసవి వారానికి ఒకసారి నిండుగా తడపండి. రోజూ చిలకరించడం పనికిరాదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు.

ఎరువు వసంతంలో ఒక్కసారి, కంపోస్టు ఒక గుప్పెడు. కుండీలో ఉన్నదానికి సగం మోతాదు ద్రవ ఎరువు నెలకొకసారి, అదీ జులై దాకానే. లాన్‌కు చల్లే నత్రజని ఎరువు దీని మీద పడితే ఆకు ఏపుగా పెరిగి గుబురు మధ్యకు చీలి నాలుగు వైపులా పడిపోతుంది.

పూత జూన్‌లో మొదలై ఆగస్టు దాకా ఉంటుంది, మధ్యలో మీరు చేతులు ముడుచుకుని కూర్చోకపోతే. వాడిన పువ్వును వేలితో లాగి తెంపితే కాయ మొదలు మిగిలిపోయి గింజ కడుతుంది, మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది. కాడతో సహా ఆకుల దాకా దించి కత్తెరతో కోయండి. తెల్లటి పాలు కారతాయి, జిగటగా ఉంటాయి. కత్తెర ఆ పూటే తుడవండి. మొదటి విడత పూత సగానికి పైగా అయిపోయాక ఒక్కోటి కోస్తూ కూర్చోనక్కర్లేదు, గుబురు మొత్తాన్ని మూడో వంతు కత్తిరించి బాగా తడిపితే మూడు నాలుగు వారాల్లో రెండో విడత మొగ్గ వేస్తుంది. రెండో విడత పలచగానే ఉంటుంది, అదే మామూలు.

గింజ దాచుకోవాలనుకుంటే రెండు మూడు పూలు వదిలేయండి. విచ్చుకున్న పువ్వు లోపలికి ఒకసారి చూడండి: కేసరాలు అప్పటికే వాడి అడుగున పడి ఉంటాయి, పుప్పొడి మధ్య కాడ మీదికి చేరి ఉంటుంది. రెండు మూడు రోజులయ్యాక ఆ కాడ కొస మూడు పాయలుగా విడుతుంది. ఫలదీకరణ అప్పుడే. కాయ గోధుమ రంగుకు తిరిగి పక్కల సన్న రంధ్రాలు తెరుచుకునే లోపు కాగితపు సంచిలోకి కోయండి. పక్కింట్లో వేరే రంగు ఉంటే పిల్లలు కలగాపులగంగా వస్తాయి.

చలికాలం, ఆ తర్వాత

శరదృతువులో కాడలు ఎండిపోతే రెండు వేళ్ల ఎత్తు ఉంచి కోయండి. రాలిన ఆకులు కుదురు మీద చేరితే ఏరేయండి. తడిసిన మేపుల్ ఆకుల చాప కింద ఇది ఊపిరాడక కుళ్లుతుంది. కప్పాలనిపిస్తే పైన్ రెమ్మలు రెండు అడ్డంగా వేయండి, గాలి ఆడుతుంది.

చీటీ గుచ్చడం మరిచిపోకండి. వసంతంలో ఇది ఆలస్యంగా లేస్తుంది. ఏప్రిల్‌లో ఖాళీ చోటనుకుని తవ్వేసి, మేలో మొక్క చచ్చిపోయిందని రాసేవాళ్లు ఉన్నారు. చచ్చిందో బతికుందో తేల్చుకోవాలంటే మొదలు మీద కంకర జరిపి వేలితో నొక్కండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. అనుమానం ఉంటే గోరుతో చిన్న గాటు పెట్టండి, తెల్లటి పాలు ఊరితే ఇంకో మూడు వారాలు ఓపిక పట్టండి. మెత్తగా గోధుమ రంగు గుజ్జు చేతికి వస్తే ఆశ వదులుకుని నీటి పరీక్ష మళ్లీ చేయండి. అదే చోట కొత్త మొక్క పెడితే మళ్లీ అదే కథ.

మూడో ఏడు గుబురు మధ్యలో బోడి అవుతుంది. చిగుళ్లు 2 నుంచి 3 సెం.మీ. ఉన్నప్పుడు మొత్తం తవ్వి, పదునైన కత్తితో అంచు ముక్కలు నాలుగు కోసి నాటుకోండి, మధ్య ముక్క పారేయండి. లేదా మొదలు నుంచి వచ్చే 5 సెం.మీ. పిలకలను ఏప్రిల్, మే నెలల్లో కోసి తడి ఇసుకలో గుచ్చండి. చ్యూటన్ జాయ్ లాంటివి పెంచుకోవడానికి ఈ రెండే దారులు.

పూయకపోతే, పాడైతే

ఆకు ఆరోగ్యంగా ఉండి మొగ్గ లేదంటే మొదట పగటి పొడుగు చూడండి. రోజుకు 14 గంటలకు పైగా వెలుతురు అందనిదే క్లిప్స్ రకాలు పూతకు రావు. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, షికాగోలో పదిహేను దాటుతుంది, అక్కడ సమస్య లేదు. డల్లాస్‌లో ఆ నెల 14 గంటల పైచిలుకు, అంటే అంచు మీద ఉన్నట్టు. బాల్కనీకి పైకప్పు ఉండి వెలుతురు తక్కువైతే అక్కడ మొగ్గ రావడం మరీ ఆలస్యం. వెలుతురు సరిపోతే రెండో అనుమానం ఎరువు మీద, మూడోది ఏప్రిల్‌లో పోసిన నారు మీద.

ఆకులకు గుండ్రటి తూట్లు, పొద్దున వెండిచార కనబడితే నత్తలు. రాత్రి టార్చి వేసి ఏరడం, ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లడం రెండూ చేయండి. బ్రిటన్‌లో మెటాల్డిహైడ్ గుళికలు 2022 వసంతం నుంచి నిషేధం, పాత డబ్బా ఉంటే వాడకండి. ఇంట్లో, పొడిగాలిలో ఉన్న కుండీకి ఆకు వెనక సాలెగూడు లాంటి సన్న బూజు, పసుపు చుక్కలు వస్తే ఎర్రనల్లి. సింకులో ఆకు వెనక వైపు నీళ్లతో కడిగి చల్లటి చోటికి మార్చండి. కుందేళ్లు తిరిగే పెరళ్లలో వసంతపు చిగుళ్లకు తీగజాలి అడ్డు పెట్టకపోతే పొద్దున్నకి మోడే మిగులుతుంది.

హైదరాబాద్, విజయవాడ వాళ్లకు

హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడుగు పగలు దాదాపు 13 గంటల 10 నిమిషాలు. అంటే ఏ నెలలోనూ ఈ మొక్కకు కావలసిన పొడుగు రాదు. ఆపైన మే ఎండ. అందుకే ఆన్‌లైన్‌లో కొన్న గింజలు మొలిచి, ఆకు వేసి, వేసవిలో మాడిపోతాయి. గింజ మంచిదే, మీ హస్తవాసి లోపమూ కాదు.

పట్టుదల ఉంటే చలికాలపు ఒక్క సీజన్ మొక్కగా పెంచొచ్చు. అక్టోబరు మొదట్లో ఇంట్లో చల్లటి చోట నారు పోయండి. డిసెంబరు మధ్యకు కుండీ నిండి ఒక్కో మొక్కకు పది పన్నెండు ఆకులు వచ్చాక, రాత్రి పది నుంచి రెండు దాకా రోజూ కుండీకి అడుగున్నర ఎత్తులో ఒక ఎల్ఈడీ బల్బు వెలిగించండి. అక్షరాలు చదవగలిగేంత వెలుగు చాలు, పెద్ద లైటు అక్కర్లేదు. పొడుగు రాత్రిని మధ్యలో విరగ్గొట్టడమే ఇందులో కిటుకు, మొక్క దాన్ని పొడుగు పగలుగానే లెక్క వేసుకుంటుంది. మధ్యలో నాలుగు రోజులు మరిచిపోతే మొగ్గ వెనకపడుతుంది కాబట్టి టైమర్ పెట్టండి. ఏడెనిమిది వారాలకు, అంటే ఫిబ్రవరిలో పూత చూడొచ్చు. విజయవాడలో చలి అంతగా ఉండదు గనక పూలు ఇంకా చిన్నవిగా వస్తాయి. ఎక్కడైనా మార్చి ఎండలు ముదిరాక దాన్ని కాపాడాలని నీళ్లు ఎక్కువ పోయకండి, వేడికి తోడు తడి చేరితే మొదలు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది.